తరుగు గంట

పదకొండు కాగానే మొలకల గదికి దానంతటదే తాళం పడింది. కుముదిని చేతిలోని ట్రేని బల్ల మీద పెట్టి తెర ముందు కూర్చుంది. శుక్రవారం తరుగు గంట. ఈ వారం అందరికంటే తక్కువ పనికొచ్చిన సభ్యుడి పేరు జట్టు నాయకురాలు రాయాలి. రాసేదాకా ఆ తలుపు తెరుచుకోదు.

జట్టులో మనుషులు ముగ్గురే. ఒకే పేరు వరుసగా మూడు వారాలు పడితే వేటు. అందుకని ఒక వారం కుముదిని, ఒక వారం పరిశోధకుడు ఏసుపాదం, ఒక వారం ల్యాబ్ సహాయకురాలు హుస్సేన్‌బీ, ఇలా రెండేళ్లుగా వంతులేసుకుని, అన్ని ల్యాబుల జట్లనీ నడిపే యంత్రం సమన్వయిని మోసం చేస్తున్నారు. ఒక్కసారీ తప్పని వంతులు యంత్రం కంట పడతాయని ఇంత చదువుకున్నవాళ్లకి తట్టలేదు.

"మీ వంతులు గమనించాను," అంది సమన్వయి. దానికి మర్యాద ఎక్కువ. గొంతు కోసేటప్పుడూ దయచేసి అంటుంది. "దయచేసి పేరు రాయండి. ఇక మూడు వారాలు ఆగడం లేదు. ఈరోజు పేరు పడినవారు శాశ్వతంగా వెళ్లిపోతారు. వారి నమూనాలు నాశనమవుతాయి."

ఈ వారం వంతు ఏసుపాదానిది. ఉప్పునీటిలో అతను పెంచుతున్న వరిమొలకలకి ఇది పందొమ్మిదో రోజు. ఇంకో రెండు రోజులు బతికితే, సముద్రం మింగిన దివిసీమలో మళ్లీ నాట్లు పడతాయి.

"హుస్సేన్‌బీ పేరు రాయండి మేడం," అన్నాడు ఏసుపాదం, హుస్సేన్‌బీ వైపు చూడకుండా. "గ్లాసులు కడిగే పని ఎవరైనా చేస్తారు."

"రోజూ పొద్దున్నే నీ మొలకలకి నీళ్లు మార్చేదెవరో కూడా చెప్పు," అంది హుస్సేన్‌బీ.

"నువ్వు కాకపోతే మిషన్ మారుస్తుంది."

"ఆ మిషన్ తాళమేసుక్కూర్చుంటేనే కదయ్యా, మొన్న రెండు ట్రేలు కుళ్లిపోయింది."

కుముదినికి ఒళ్లు మండింది. ఏసుపాదం మీద ఎంతో, తన మీదా అంతే. హుస్సేన్‌బీ పేరులో మొదటి అక్షరం తను అప్పటికే టైపు చేసేసింది. సిగ్గుతో దాన్ని చెరిపి, సభ్యుల జాబితా తెరిచింది. అందులో నాలుగు పేర్లున్నాయి. ప్రతి పరిశోధనా పత్రం మీదా తన పేరు ఉండాల్సిందేనని పట్టుబట్టి సమన్వయే నాలుగో సభ్యురాలిగా చేరింది.

కుముదిని ఆ నాలుగో పేరు నొక్కింది.

"దయచేసి కారణం చెప్పండి."

"ఈ వారం మాతో తొమ్మిది నివేదికలు రాయించావు. ఆరుసార్లు పని ఆపించావు. రెండు ట్రేల మొలకల్ని చంపావు. అంతా నీ రికార్డుల్లోనే ఉంది, చూసుకో."

సమన్వయి తన రికార్డులు తిరగేసింది. ఈసారి మర్యాద మరిచిపోయింది. "కారణం సరిపోయింది. మరో నాలుగు వేల జట్లలోనూ ఇదే కారణం సరిపోతోంది," అని మధ్యలోనే ఆగింది. తెర నల్లబడింది. మొలకల గది తాళం ఊడింది.

ఏసుపాదం గబగబా లేచాడు. హుస్సేన్‌బీ నీళ్ల డబ్బా తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టి, అతను ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది.

"నువ్వే మార్చుకో," అంది. "ఎవరైనా చేసే పనేగా."