అత్తగారి చీటీలు

ఆ ఉదయం కూడా వంటింటి గట్టు మీద, గిన్నె కింద చీటీ ఉంది. "డబ్బా సర్దాను. మబ్బుగా ఉంది, గొడుగు తీసుకెళ్ళు."

కోడలు చదివి అక్కడే పెట్టేసింది. అన్నం డబ్బా సంచిలో వేసుకుంది. గొడుగు తీసుకుంది. ఏమీ అనిపించలేదు. ఈమధ్య ఆమెకు ఏదీ అనిపించడం లేదు.

పక్క గదిలో కుట్టుమిషను ఆడుతూనే ఉంది. అత్తగారు చుట్టుపక్కల పిల్లలకు బడి దుస్తులు కుడుతుంది. కొలతలు గీసుకునే దళసరి కాగితంలో మిగిలిన ముక్కల మీదే చీటీలు రాస్తుంది. కుదురైన పెద్ద అక్షరాలు. తప్పు పోతే కొట్టివేయదు, ఇంకో ముక్క తీసుకుంటుంది.

కొడుకు పోయిన వారానికి మొదలయ్యాయి ఆ చీటీలు. గోడౌన్‌లో సరుకు దింపిస్తూ కూలబడిపోయాడు అతను. ఆసుపత్రికి చేర్చేలోపే అంతా అయిపోయింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు, ఇద్దరి మధ్యా మాట లేదు.

కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. అద్దాలను ఫ్రేములకు సరిపడా అరగదీసి బిగించడం ఆమె పని. ఆ రోజు ఒక జోడుకు కుడి అద్దం ఎడమకూ, ఎడమది కుడికీ బిగించింది.

"ఏంటమ్మా, పెద్దాయన కళ్ళు మార్చేశావు?" అని యజమాని నవ్వుతూనే అన్నాడు.

విప్పి మళ్ళీ బిగించింది. సిగ్గు కూడా వేయలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముందుగదిలో అన్నయ్య కూర్చుని ఉన్నాడు. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళినట్టున్నాడు, పొద్దుటి చీటీ అతని చేతిలో ఉంది.

"ఇదేంటి?"

"అత్తయ్య రాశారు."

"పక్క గదిలో ఉండి రాయడమేంటి? నీతో మాట్లాడరా?"

"మాట్లాడరు."

"ఎన్నాళ్ళబట్టి?"

"ఆయన పోయాక."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది అన్నయ్యా."

ఆ జవాబుకే అతనికి ఒళ్ళు మండింది. "అద్దెకున్నవాళ్ళతో కూడా ఎవరూ ఇలా ఉండరు. కొడుకు పోవడం నీ వల్లే అనుకుంటున్నారేమో. బట్టలు సర్దుకో, మా ఇంటికి పోదాం. మీ వదిన కూడా తీసుకురమ్మంది."

"సరే" అందామె. ఉండిపొమ్మన్నా అదే మాట అనేది. అత్తగారికి తన మొహం చూడబుద్ధి కావడం లేదని తనూ ఎప్పుడో అనుకుంది. అనుకుని ఊరుకుంది.

మిషను ఆగిపోయింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చింది.

"తీసుకెళ్ళు బాబూ" అంది, గుసగుసలాంటి గొంతుతో. "ఇక్కడ కట్టిన డబ్బా కట్టినట్టే తిరిగొస్తోంది. అక్కడైనా తింటుందేమో."

"మీరు నోరు తెరిచి ఒక్క మాట అంటే ఇక్కడే తినేదండీ. ఇది కూడా మనిషేగా. కాగితాలతో ఎన్నాళ్ళు బతుకుతుంది?"

అత్తగారు గోడకు ఆనుకుంది. తర్వాత అతనితోనే చెప్పింది, కోడలి వైపు చూడకుండా.

"నేను దీన్ని అమ్మాయ్ అని పిలుస్తాను. వాడిదీ నా గొంతే, నన్ను చూసి వాడూ అలాగే పిలిచేవాడు, చివర సాగదీసి. ఎవరు పిలిచారో తెలియక ఇది రెండు గదుల్లోకీ తొంగిచూసేది. మేం నవ్వేవాళ్ళం. వాడు పోయిన వారానికి, పొద్దున్నే అలవాటుకొద్దీ పిలిచాను. తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. స్నానాల గది తలుపు కొట్టి, ఇదిగోండి, రోజూ మర్చిపోతారు, అంది. చెయ్యి చాపి అలాగే నిలబడింది. ఎంతసేపు నిలబడిందో. నేను పిలిస్తే వాడు వచ్చినట్టుంటుంది దీనికి. ఆ వెంటనే మళ్ళీ పోయినట్టుంటుంది. అందుకే నోరు కట్టుకున్నాను. చెప్పాల్సింది రాసి పెడుతున్నాను."

అన్నయ్య చేతిలోని చీటీని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని ఉండిపోయాడు.

"నాకు గుర్తులేదు" అంది కోడలు.

"గుర్తులేకపోవడమే మంచిదమ్మా."

"మీకు నా మీద కోపమనుకున్నాను."

"నీ మీద కోపమా? కోపమున్నదాన్ని పొద్దున్నే లేచి డబ్బా ఎందుకు సర్దుతానే?"

ఆ 'సర్దుతానే'లో పాత గొంతు కాస్త బయటపడింది. అత్తగారు చప్పున పెదవులు బిగించింది. కోడలు మాత్రం ఆ గొంతు వచ్చిన వైపే చూస్తోంది.

"పిలవండి అత్తయ్యా."

"వద్దమ్మా."

"ఒక్కసారి. ఆయన గొంతు మర్చిపోతున్నాను. రోజూ కొంచెం కొంచెం పోతోంది. మీ దగ్గర ఉందిగా."

అత్తగారు నోరు తెరిచింది. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు సవరించుకుని పిలిచింది.

"అమ్మాయ్..."

అచ్చం అతను పిలిచినట్టే ఉంది.

"ఆఁ" అంది కోడలు. నేల మీద కూర్చుండిపోయింది. శవాన్ని తెచ్చిన రోజున రాని ఏడుపు, చుట్టాలందరూ ఏడవమ్మా ఏడువు అని బతిమాలినా రాని ఏడుపు, అప్పుడొచ్చింది. అత్తగారు పక్కనే చతికిలబడి ఆమె తల గుండెలకు అదుముకుంది. "ఇక్కడే ఉన్నాను అమ్మాయ్, ఎక్కడికీ పోను" అంటూ తనూ ఏడ్చింది.

అన్నయ్య వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. ఎవరూ అందుకోలేదు. గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"మరి బయల్దేరదామా?" అన్నాడు చాలాసేపటికి, మెల్లగా.

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. కొంగుతో ముక్కు తుడుచుకుని అత్తగారి వైపు తిరిగింది.

"ఆకలేస్తోందత్తయ్యా."