నలభై సెంటీమీటర్లు

తాబల్దీ ముసలాయన సోమవారం పొద్దున టీ కొట్టులో రెండో కప్పు సగం తాగి అలాగే బల్లమీదికి వాలిపోయాడు. విషం. పదకొండేళ్ళుగా జీతం బత్తెం లేకుండా ఒక చిన్న కోడ్ ముక్కని కనిపెట్టుకుని ఉన్న మనిషి. ఎన్ని దేశాల కంపెనీలు ఆ ముక్కని వాడుకున్నాయో! ఒక్కడికీ ఆయన పేరు తెలీదు. చచ్చాక తెలిసింది. ఛీ, ఏం మనుషులో!

గురువారం మధ్యాహ్నం మూడింటికి బురుల్, బిష్కెక్‌లో ఒక కంప్యూటర్ కంపెనీ మేడ ముందు నీలం గొడుగు కింద మాక్సిమ్ పీపా పెట్టుకుని కూర్చుని ఉంది. యాభై రెండేళ్ళ మనిషి, తలకి గళ్ళ రుమాలు. వేయించిన గింజల పిండి పులియబెట్టిన ఆ చల్లటి మాక్సిమ్ కోసం జనం ఆగుతున్నారు, తాగుతున్నారు, పోతున్నారు. గరిటె పిడిలో రేడియో ఉందనీ, పీపా కుళాయిలో కెమెరా ఉందనీ, ఆవిడ ఏజెంట్ నంబర్ పంతొమ్మిదనీ ఎవరికి తెలుసు?

ఒకాయన వచ్చి గ్లాసు అందుకున్నాడు. “మాక్సిమ్ పుల్లగా ఉందా?”

“పిడుగు పడితే తియ్యనవుతుంది.”

కోడ్ కలిసింది. ఆయన కల్నల్ మెదెర్. పై అధికారే గానీ వయసులో చిన్న, అందుకని ఎజే అంటాడు, అక్కా అన్నట్టు.

“ఎజే, కర్చిగా డ్యామ్. తలుపులు నడిపే కోడ్ కట్ట, లైబ్రరీ అంటారు, రాసింది ఈ కంపెనీయే. ఆ లైబ్రరీ లోపల తాబల్దీ ముక్క ఉంది. ఆయన పోయిన రోజే సరిహద్దవతలి ముఠా ఆ ముక్కకి కొత్త వెర్షన్ వదిలింది. ఇవాళ సరిగ్గా నాలుగింటికి డ్యామ్ మిషను దాన్ని తనంతట తనే తెచ్చేసుకుంటుంది.”

బురుల్ చేతిలో గరిటె ఆగిపోయింది. డ్యామ్ కింద ఏటి ఒడ్డున మూడొందల గడప. అందులో ఒకటి ఆమె చెల్లెలిది.

“ఆపించండి మరి!”

“తప్పేమిటో చూపించకుండా ఆపాలంటే ఏడు సంతకాలు కావాలి. ఆరోవాడు పెళ్ళికి పోయాడు. ముప్ఫైమంది నిపుణులు మూడు రోజులు వైరస్ కోసం వెతికారు. లేదు.”

“ముప్ఫైమంది! గంగాళాలకి గంగాళాలు ప్లోవ్, ఆ మాంసం పులావు, లాగించారు, అది మాత్రం చూశాను,” అని బురుల్ చెంబు నిండా మాక్సిమ్ పట్టుకుని, గరిటె నడుముకి దోపుకుని మేడెక్కింది.

పైన లైబ్రరీ పెద్ద ఎల్దియార్, నలభై ఏళ్ళవాడు, చొక్కా మీద నూనె మరక. చెంబు చూడగానే మొహం విప్పారింది. ఆవిడ బిళ్ళ చూపించగానే ముడుచుకుపోయింది.

“మాదేం తప్పు లేదు ఎజే. వెర్షన్‌లో మొదటి అంకె మారితే పెద్ద మార్పని ఆగి చూస్తాం. ఇది చివరి అంకె. ఏడు ఉండేది ఎనిమిదయింది. చిన్న మరమ్మత్తన్న మాట. అలాంటివి వాటంతటవే వచ్చేస్తాయి.”

“ఆ అంకె వేసేదెవరు?”

“పంపినవాళ్ళే.”

“అంటే, దొంగ ‘నేను దొంగని కాను’ అని చీటీ తగిలించుకొస్తే మీరు తలుపు తీస్తారు.”

గోడ గడియారం మూడూ నలభై ఎనిమిది.

అప్పుడే ఘుమ్మని అత్తరు వాసన. గుమ్మంలో ఆల్సూ. పట్టు కండువా, ఎర్రటి పెదాలు, ఆ నడక చూసి ఎల్దియార్ చెంబు ఒలకబోసుకున్నాడు. ఆర్నెల్ల కిందట తాబల్దీ ఇంటికి అతిథిగా వెళ్ళి, ‘మీకు సాయం చేస్తాను తాతా’ అన్న మనిషి ఈమే. ఇంటికొచ్చినవాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు అడగడం మర్యాద కాదని ఆయన పెద్దపీట వేసి కూర్చోబెట్టాడు. ఆమె లేచేటప్పటికి తన కోడ్ ముక్క తాళాలు కూడా ఇచ్చేశాడు.

బురుల్ చెయ్యి ఆప్రన్‌లో పిస్తోలు మీదికి పోయింది.

“మాక్సిమ్ పుల్లగా ఉందా?” అంది ఆల్సూ.

బురుల్ పిస్తోలు మీంచి చెయ్యి తియ్యలేదు. “పిడుగు పడితే తియ్యనవుతుంది. నువ్వు మనదానివా?”

“రెండువైపులదాన్ని. ముఠావాడు రోజంతా నా వెనకే కుర్చీ వేసుక్కూర్చుంటాడు, ఫోన్ ముట్టుకోనివ్వడు. వెర్షన్‌తోపాటు మార్పుల నోటీసు రాస్తారు చూడండి, వాడు చదవనిది అదొక్కటే. ఉన్న సంగతంతా అందులోనే రాశాను. సోమవారంనుంచీ ఊరంతటి ముందూ పడి ఉంది. ఎవరూ రాకపోతే, ఇవాళ కింద కారులో ఉన్న వాడి కళ్ళుగప్పి నేనే వచ్చాను.”

“నువ్వు చదివావా?” అని బురుల్ ఎల్దియార్ వైపు తిరిగింది.

“నోటీసులు ఎవరు చదువుతారు ఎజే...”

తెరిచారు. నాలుగే లైన్లు. మూడోది: ‘ఇకనుంచి తలుపుకిచ్చే అంకె సెంటీమీటర్లు కాదు, శాతం.’

డ్యామ్ మిషను రోజూ ఇచ్చే అంకె నలభై. నలభై సెంటీమీటర్లంటే పిల్లకాలవ. నలభై శాతమంటే మూడొందల గడప.

వైరస్సూ లేదు, గుట్టూ లేదు. విషం సీసా మీద విషమని రాసి నట్టింట్లో పెడితే ముప్ఫైమంది దాని పక్కనే కూర్చుని ప్లోవ్ తిన్నారు!

“రాయి! పాత వెర్షనే కావాలి, చివరి అంకె ఏడే, ఇంకోటి వద్దని రాయి. ముసలాయన పాత ముక్క ఒక కాపీ మీ కంపెనీలోనే పెట్టుకో. ఇంకెవడి గుమ్మం ముందూ నిలబడకు.”

ఎల్దియార్ గబగబా రాశాడు. మూడూ యాభై ఎనిమిది. “ఇంకో మనిషి చదివి సరేననాలి. లేకపోతే పైకి పోదు. మా సెయిత్‌కి పంపాను. లిఫ్టులో ఉన్నాడు.”

రెండు సెకన్లు కాలేదు, ‘చాలా బాగుంది’ అని వచ్చేసింది.

“చదివాడా?”

“సెయితా? లిఫ్టు తలుపు కూడా మూసుకుని ఉండదు.”

ఆ వెధవ అలవాటుకి బురుల్ జన్మలో మొదటిసారి దండం పెట్టింది. ఆ వెంటనే ఆ చేతులు ఆప్రన్‌కి తుడుచుకుంది.

నాలుగు. గరిటె రేడియోలో డ్యామ్ మనిషి గొంతు: “తెచ్చుకుంది... తలుపు కదిలింది... నలభై సెంటీమీటర్లు. ఆగింది.” ఎల్దియార్ కుర్చీలో కూలబడ్డాడు. కింద కారులో కూర్చుని వరద వార్త కోసం ఎదురుచూస్తున్న ముఠావాణ్ణి కల్నల్ మనుషులు లాగి పారేశారు.

ఆల్సూ పట్టు కండువా తలమీదికి లాక్కుంది. “ఆయన్ని చంపుతారనుకోలేదు ఎజే.”

బురుల్ ఆమెని చూడలేదు. చెంబు తీసుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు బురుల్ జరిగిందంతా, నోటీసులు చదవని పాపానికి ఊరు మునగబోయిందని ఎనిమిది పేజీలు రాసి, కవరుకి లక్క సీలు వేసి పై ఆఫీసుకి పంపింది. సాయంత్రానికి కవరు తిరిగొచ్చింది. పైన ఎర్ర సిరాతో ‘ఆద్యంతం చదివాను, అమలు చేయవలెను’ అని పెద్ద సంతకం ఉంది.

సీలు చెక్కు చెదరలేదు.