నీలిపూత తూటా

గ్లెన్ ఛాతీలోంచి తీసిన సీసపు తూటా మీద నీలిపూత చెక్కుచెదరలేదు. అంత చక్కగా పూత కాల్చగలవాడు ఐడహో రాష్ట్రం మొత్తానికి ట్రాస్క్ ఒక్కడే. తూటాలు స్వయంగా పోతపోసి, రంగుపొడి పట్టించి, టోస్టర్ ఓవెన్‌లో కాలుస్తాడు. షూటింగ్ పోటీల్లో కప్పులు గెలుస్తాడు. చాటుగా విదేశీ ముఠాకి హత్యలు చేసిపెడతాడు.

చనిపోయిన గ్లెన్, ప్రభుత్వ ఏజెంట్ లోర్నాకి భర్త. ఆమెకు కావలసింది సాక్ష్యం కాదు, ప్రతీకారం.

"ముఠాలోంచి పారిపోయి వచ్చిన ఇంజనీర్ సొరోకిన్‌ని ఆదివారం పోటీలో లేపేస్తాడట," అన్నాడు చీఫ్. "ట్రాస్క్ నాకు ప్రాణాలతో కావాలి."

"నాకక్కర్లేదు సార్."

"లోర్నా!"

"...సరే సార్."

ట్రాస్క్‌కి తోడుగా ముఠా పంపిన సుందరి సెలెస్ట్ నిజానికి చీఫ్ మనిషి. ఓవెన్ వేడిని ఆమె గుట్టుగా తగ్గించింది. రంగు ఎప్పటిలాగే మెరిసింది. కానీ సరిగా కాలని పూత బ్యారెల్‌లో ఊడిపోతుంది, సీసం లోపల అంటుకుని గురి చెడుతుంది. ఒక్కటే భయం. ప్రతి వాయిలోనూ ఒక తూటాని ఎసిటోన్ గుడ్డతో రుద్ది, రంగు దిగుతుందేమో చూడటం ట్రాస్క్ అలవాటు.

అతను గుడ్డ అందుకోగానే సెలెస్ట్ పకపకా నవ్వింది.

"నీ చేతి పూతకి కూడా పరీక్షేనా బంగారం? అది కొత్తవాళ్లకి కదా!"

ట్రాస్క్ ఉబ్బిపోయాడు. గుడ్డ పక్కన పడేశాడు.

ఆదివారం లోర్నా ఏప్రన్ కట్టుకుని షూటింగ్ క్లబ్బులో, కాల్చేవాళ్ల పక్కనే చిల్లీ కూర వడ్డిస్తోంది. దగ్గరగా పెట్టిన ఇనుప పలకల మీద ట్రాస్క్ టపటపా ప్రాక్టీస్ చేశాడు. అంత దగ్గరలో తేడా తెలియలేదు. దూరంగా, చీఫ్ ఎరగా పెట్టిన సొరోకిన్ వీపు తిప్పి నిలబడ్డాడు.

"కాఫీ చల్లారింది," లోర్నా చెవిలోని ఇయర్‌పీస్‌లో సెలెస్ట్ కోడ్. ఇప్పుడే కాలుస్తాడని అర్థం.

ట్రాస్క్ గిరుక్కున తిరిగి కాల్చాడు. తూటా అడ్డంగా దొర్లుతూ పోయి సొరోకిన్ పక్కనున్న గుంజని చీల్చింది. రెండోది పేలేలోపు లోర్నా గరిటె అతని మణికట్టు మీద పడింది. పిస్టల్ జారిపోయింది. ఆమె రివాల్వర్ అతని నుదుటికి ఆనింది.

"గ్లెన్ గుర్తున్నాడా?"

"నా గురి తప్పదు! నా తూటా తప్పదు!" అరిచాడు ట్రాస్క్.

ఆమె వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. చంపేస్తే ఒక్క క్షణంలో అయిపోతుంది. అది చాలదనిపించింది. అతనికి సంకెళ్లు వేసి, పిస్టల్ విప్పి, బ్యారెల్‌ని వెలుతురుకి పట్టింది. లోపలంతా సీసం పెచ్చులు, నీలిరంగు జిడ్డు.

"చూడండి, మీ ఛాంపియన్ పనితనం," అంటూ క్లబ్బువాళ్లకి అందించింది.

ఒక ముసలాయన కన్ను ఆనించి చూసి, నాలుక చప్పరించి, పక్కవాడికిచ్చాడు. సంకెళ్లకి వంగని ట్రాస్క్ తల వాలిపోయింది.

"లోర్నా, వ్యాన్ రెడీ," అన్నాడు చీఫ్.

"కాస్త ఆగండి సార్. ఇంకా చాలామంది చూడాలి."