విల్ఫ్ ఓడెక్కిన రోజు

"ఆదివారం లోగా పెట్టె సర్దుకుని మీ అక్క దగ్గరికి వెళ్ళిపో! నా కొడుకుని నీళ్ళపాలు చేసినదాని మొహం నేనిక చూడలేను!"

అత్తగారు హానా ఆ మాట అనేసి కుర్చీ గోడవైపు తిప్పుకుంది. ఎడ్నా తల వంచుకుని నిలబడింది.

లివర్‌పూల్ రేవు పక్క వీధుల్లో మగవాడు ఓడెక్కిన రోజున ఏ ఇల్లాలూ బట్టలు ఉతకదు. ఉతికితే మనిషి కూడా ఆ నీళ్ళతోనే కొట్టుకుపోతాడట! ఎడ్నా ఉతికింది. భర్త విల్ఫ్ గడప దాటిన గంటకే పెరట్లో తీగ మీద దుప్పటి ఆరేసింది. మూడు వారాలకు తంతి వచ్చింది. అట్లాంటిక్ మధ్యలో జర్మన్ జలాంతర్గామి కొట్టిన దెబ్బకు గోధుమల ఓడ మునిగిపోయింది. విల్ఫ్‌తో పాటు ఇంజను గదిలో బొగ్గు వేసేవాళ్ళలో ఒక్కడూ పైకి రాలేదు. ఆ చలికాలం అలాంటి తంతి రాని వీధి లేదు. అయినా కడుపుకోతకు ఎవరో ఒకరు దొరకాలి కదా! జలాంతర్గామి దొరకదు, కోడలు దొరుకుతుంది.

ఆ మధ్యాహ్నం పక్కింటి నెల్లీ పరామర్శకు వచ్చింది. పరామర్శ పేరే గానీ, వచ్చింది పుండు మీద కారం చల్లడానికి.

"ఈ కళ్ళతో చూశాను వదినా! మూలన నీలిగుడ్డ అతుకేసిన దుప్పటి! మొగుడు అటు వెళ్ళాడో లేదో, ఇటు ఉతుకు మొదలెట్టింది మహాతల్లి!"

హానా చటుక్కున తలెత్తింది. నీలి అతుకు... తన చేత్తో తను కుట్టుకున్నదే! ఆ రోజు తను ఒళ్ళు తెలియని జ్వరంలో ఉంది. సాయంత్రం కళ్ళు తెరిచేసరికి ఒంటి కింద పొడి పక్క ఉంది. అది ఎలా వచ్చిందో తను అడగనైనా లేదు.

"నెల్లీ, నువ్విక వెళ్ళమ్మా" అంది. తలుపు పడ్డాక కోడలి వైపు తిరిగింది.

"అమ్మాయ్... ఆ దుప్పటి నాది కదూ? నేనే పక్క పాడు చేసుకున్నానా?"

"కాదత్తయ్యా, అది నాదే."

"అబద్ధమాడకు! ఇన్ని మాటలు పడ్డావే, ఒక్కసారైనా చెప్పొద్దుటే?"

ఎడ్నాకు ఏడుపు ఆగలేదు. "చెప్తే మీరు బతుకుతారా అత్తయ్యా? మీరు తిడితే నేను ఓర్చుకోగలను. మిమ్మల్ని మీరు తిట్టుకుంటే నేనెలా ఆపగలను?"

"అయితే... నా పక్కే నా బిడ్డని..."

"దుప్పటి ఉతికితే ఓడలు మునుగుతాయా! ఎదురింటావిడ ఏం ఉతికిందని ఇద్దరు కొడుకులూ పోయారు?"

ఇన్నాళ్ళూ ఆ మాట ఎడ్నా తనకు తాను కూడా చెప్పుకోలేకపోయింది. లోపలెక్కడో తనే భర్తను చంపుకున్నానని ఆమె కూడా నమ్మింది.

హానా కోడలిని దగ్గరికి లాక్కుని తల ఒళ్ళోకి అదుముకుంది. తర్వాత లేచి, గోడ పట్టుకుంటూ వెళ్ళి వీధి తలుపు బార్లా తీసింది. నెల్లీ నలుగురు ఆడవాళ్ళతో అక్కడే నిలబడి ఉంది.

"ఆ దుప్పటి నాది!" అంది హానా, వీధి చివరిదాకా వినబడేలా. "అనాలనుంటే ఇక నన్ను అనండి... నా కోడల్ని కాదు!"