బొగ్గు మెడలో మెరుపు

"అమ్మా, ఇది వేసుకుంటే నన్ను చూసి క్లాసంతా నవ్వుతుంది," అంది బుల్లి.

అమ్మ కుట్టు మిషన్ మీద నుంచి తల ఎత్తలేదు. "నవ్వితే నవ్వనీ. నవ్వారంటే నువ్వు కనపడ్డట్టే కదా. బొగ్గుని త్వరగా తిప్పి తీసుకురా."

నాన్నది రోడ్లు వేసే పని. ఆయన పాత జాకెట్ చిరిగిపోతే, దాని మీదున్న మెరిసే పట్టీలు విప్పి అమ్మ రెండు వస్తువులు కుట్టింది. ఒకటి బుల్లికి చేతుల్లేని కోటు. రెండోది బొగ్గు మెడకి పట్టీ. బొగ్గు వాళ్ల కుక్క. పేరుకు తగ్గ రంగు. బుల్లి ట్యూషన్ అయ్యేసరికి రోజూ చీకటి పడుతుంది కాబట్టి దాని షికారు ఆ తర్వాతే.

గేటు దాటగానే బుల్లి కోటు విప్పి పూలకుండీ వెనక దాచేసింది. లోపల ముదురు నీలం స్వెట్టర్ ఉంది. బొగ్గు పట్టీ మాత్రం అలాగే ఉంచింది. బొగ్గుకి క్లాసూ లేదు, సిగ్గూ లేదు.

బేకరీ పక్క సందులో వీధి దీపం వెలగడం లేదు. బొగ్గు ఏదో వాసన పట్టి రోడ్డు మధ్యకు లాగింది. బుల్లి గొలుసు పట్టుకుని వెనకే నడిచింది. అప్పుడే మలుపు తిరిగి ఒక వ్యాన్ వచ్చింది. లైట్లు కళ్లలో పడ్డాయి. బుల్లికి కాళ్లు కదలలేదు.

బ్రేకు కీచుమంది. వ్యాన్ రెండడుగుల దూరంలో ఆగింది.

బ్రెడ్డు వ్యాన్ డ్రైవర్ కిందికి దిగాడు. "దెబ్బ తగిలిందా, తల్లీ?"

"లేదంకుల్."

"నువ్వు నాకు కనపడనే లేదమ్మా. కింద ఏదో తళుక్కుమంది. ఏమిటో తెలీక బ్రేకు వేశాను."

బుల్లి కిందికి చూసింది. వ్యాన్ వెలుగులో బొగ్గు మెడలో పట్టీ మెరుస్తోంది. బొగ్గు మాత్రం తోక ఊపుతూ డ్రైవర్ బూటు వాసన చూస్తోంది.

ఆయన వ్యాన్ పక్కకు పెట్టి, టార్చి వేసి వాళ్లను ఇంటిదాకా దిగబెట్టాడు. బుల్లి పూలకుండీ వెనక నుంచి కోటు తీసుకుంది. డ్రైవర్ తిరిగి వెళ్తుంటే, ఆయన నల్ల చొక్కా నాలుగడుగులకే చీకట్లో కలిసిపోయింది.

బుల్లి అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. చీవాట్లు తప్పవనుకుంది. అమ్మ తిట్టలేదు. మిషన్ ఆపి, ఒక చేత్తో బుల్లిని, ఇంకో చేత్తో బొగ్గుని దగ్గరికి లాక్కుని చాలాసేపు అలాగే కూర్చుంది.

"పట్టీ కుట్టినందుకు థాంక్సమ్మా," అంది బుల్లి. కాసేపయ్యాక అడిగింది, "ఆ పట్టీ ఇంకా మిగిలిందా?"

"మూరెడు ఉంది. ఎందుకే?"

"నాకు సూదిలోకి దారం ఎక్కించివ్వు."

మర్నాడు బుల్లి కోటు వేసుకుని బొత్తాలన్నీ పెట్టుకుంది. టార్చి తీసుకుంది. గొలుసు పొట్టిగా పట్టుకుని రోడ్డు అంచునే నడిచింది. ఎదురుపడిన క్లాసు పిల్లాడొకడు కిసుక్కున నవ్వాడు.

"కనపడ్డానన్నమాట," అంది బుల్లి, ఆగకుండా.

బేకరీ ముందు డ్రైవర్ బ్రెడ్డు ట్రేలు దింపుతున్నాడు. ఇవాళా నల్ల చొక్కానే. బుల్లి ఆయనకో పట్టీ చూపించింది. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి.

"ఇది నాకెందుకమ్మా?"

"నిన్న మీరు మమ్మల్ని చూసి ఆగారు. మీరూ ఎవరికైనా కనపడాలి కదంకుల్."

ఆయన ట్రే కింద పెట్టి చెయ్యి చాచాడు. బుల్లి ఆ పట్టీని మోచేతి పైన గట్టిగా కట్టి, రెండు ముళ్లు వేసింది.