కృతిక టీచర్ వేసిన నింద

"ఇంకా ముప్పై నాలుగు నిమిషాలున్నయి, ఎస్-సెవెన్. ఆ తర్వాత ప్రవీణ్ బతికుండడు."

ఇయర్‌పీస్‌లో చీఫ్ దామోదర్ గొంతు వినగానే ఎస్-సెవెన్ అనే శైలేందర్ చేతిలోని డిస్టిల్డ్ వాటర్ డబ్బా కింద పెట్టాడు. గూఢచారి అంటే కోటూ, నల్ల కళ్ళద్దాలూ అనుకునేరు. సిద్దిపేటలో అవి వేసుకుని తిరిగితే గంటలో ఊరంతా తెలిసిపోతుంది. ఖాకీ చొక్కా, భుజాన టూల్ బ్యాగు, ఇన్వర్టర్ మెకానిక్ వేషం. రెండేళ్లలో సగం ఊరి బ్యాటరీలు అతనే బాగు చేశాడు.

"వివరాలు చెప్పుండ్రి సార్."

"పెలికాన్ ముఠా మెసేజ్ డీకోడ్ అయింది. అక్కడి టైము ఏడు నలభైకి ప్రవీణ్ ఆఫీసుకు బయల్దేరుతడు. దారిల ఉప్పు మడుల కాడ కాల్చేస్తరు. ఆయన పోతే మన నేవీ రాడార్ ప్రాజెక్టు పదేండ్లు ఎనక్కి పోతది."

"ఫోన్ చేసి ఆపొచ్చు కద?"

"ఫోన్లు వాళ్లు వింటున్నరు. అనుమానమొస్తే ఇంట్లకే సొరబడతరు. ఇంట్ల భార్య, బిడ్డ ఉన్నరు. ఎంబసీ మనుషులు బయల్దేరిన్రు, ఏడు యాభై అయిదుకు చేరుతరు. అప్పటిదాంక ఆయన గడప దాటొద్దు. ఎట్ల ఆపుతవో ఏమో, నీ చేతుల్నే ఉంది."

శైలేందర్ రెండేసి మెట్లు ఎక్కి పై పోర్షన్ తలుపు తట్టాడు.

"బ్యాటరీ ఎన్నేండ్లదమ్మా?"

"వానకాలం వస్తే మూడేండ్లు."

కోడ్ సరిపోయింది. తలుపు తెరిచింది కృతిక. పట్టు చీర, పెదాలకు ముదురు రంగు, చెవులకు జుంకాలు. ఆమె కూరగాయలకు వెళ్తే మార్కెట్లో తక్కెడలు ఆగిపోతాయని ప్రతీతి. ఎడమ జుంకాలో మైక్రోఫోన్ ఉందని మాత్రం ఎవరికీ తెలియదు.

ప్రవీణ్‌ది గజ్వేల్. ఎడారి దేశంలో ఒక ఓడరేవు దగ్గర మన నేవీ రాడార్ పని చూస్తూ క్యాంపు క్వార్టర్‌లో ఉంటాడు. రెండు వందల కిలోమీటర్ల మేర మన పిల్లలకు పనికొచ్చే బడి లేదు. అందుకే భార్య సౌమ్య తొమ్మిదేళ్ల కూతురు స్నేహకు ఇంట్లోనే చదువు చెబుతుంది. లెక్కలకూ తెలుగుకూ ఒక ట్యూషన్ కంపెనీ ద్వారా ఆన్‌లైన్ టీచర్‌ను పెట్టుకున్నారు. ఆ కంపెనీ పెలికాన్ ముసుగు. ఇలాంటి ఇంజనీర్ల ఇళ్ల మీద కన్నేసేందుకే టీచర్లను పంపుతుంది. కృతిక అలా చేరిన మనిషే. కాని మొదటి నెలలోనే శైలేందర్‌ను కలిసి మన వైపు వచ్చేసింది. ఇరవై నెలలుగా ముఠాకు అన్నీ తప్పుడు కబుర్లే పంపింది. ఆమె ఈ పక్కకు వచ్చింది దేశభక్తితోనేనని దామోదర్ నమ్మకం. స్నేహ కోసం వచ్చిందని శైలేందర్‌కు తెలుసు.

"ఉప్పు మడుల కాడ కొడతరట," అన్నాడు శైలేందర్.

కృతిక చప్పున లాప్‌టాప్ తెరిచింది. "గది స్నేహ వ్యాసంల ఉన్నది."

"ఏం వ్యాసం?"

"‘మా నాయిన’ అని రాయమన్న. నాయిన ఏడు నలభైకి తెల్ల కారు ఎక్కుతడు, ఎనక సీట్ల కూసుంటడు, ఉప్పు మడుల కాడ దిగి కొంగలను చూస్తడు అని రాసింది. పక్కన మ్యాపు గీసింది. ఎంత ముద్దుగ గీసిందో శైలేందర్! పదికి పది వేసిన. పోర్ట్‌ఫోలియోల తప్పకుండ పెట్టుండ్రని వాళ్లమ్మకు నేనే చెప్పిన."

ఇంట్లో చదివే పిల్లలకు బడి రిజిస్టర్ ఉండదు. చదివారనడానికి రుజువుగా తల్లిదండ్రులు ప్రతి వ్యాసాన్నీ, ప్రతి బొమ్మనూ ఫోటో తీసి కంపెనీ ఫోల్డర్‌లో పెట్టాలి. ఇరవై నెలలు ముఠా నుంచి ఆ ఇంటిని కాపాడిన మనిషి ఒక్క మధ్యాహ్నం గూఢచారినన్న సంగతి మరిచి ఉత్త టీచర్ అయిపోయింది. అంతే జరిగింది.

"ఈ పొద్దు క్లాసుకు కంపెనీ అబ్జర్వర్ వస్తడట," అంది ఆమె. "స్నేహ లాప్‌టాప్ వాకిలి దిక్కు తిప్పి పెట్టమన్నరు. ప్రవీణ్ బయటకు పోవుడు వాళ్లు నా క్లాసులకెంచే చూస్తరు."

"అయితే క్లాసుతోనే ఆపాలె. పరీక్ష పెట్టు."

కంపెనీ రూలు ఒకటుంది. పాఠం చెప్పే మనిషి పరీక్షకు కాపలా కూర్చోకూడదు. సౌమ్యే పాఠాలు చెబుతుంది కనుక తండ్రే కూర్చోవాలి. అబ్జర్వర్‌కూ అది మామూలు విషయమే.

"ఆయన కూసోడు. మొన్న రెండు పరీక్షలు వాయిదా వేసిండు." కృతిక కాసేపు స్క్రీన్ వైపు చూసింది. "పిల్ల ఏడిస్తేనే ఆగుతడు."

క్లాసు మొదలైంది. స్క్రీన్ మూలన కెమెరా ఆపేసిన ఒక నల్లటి డబ్బా. అబ్జర్వర్. రెండు జడలతో స్నేహ నవ్వుతూ స్క్రీన్‌లోకి వంగింది. "నమస్తే అక్కా! ఇయ్యాల నేను ఫస్ట్ వచ్చిన చూడు!"

"స్నేహా, ‘మా నాయిన’ వ్యాసం ఎవరు రాసిన్రు?"

"నేనే అక్కా."

"అబద్ధం ఆడకు. అది నీ రాత కాదు. మీ నాయిన రాసిచ్చిండు."

పిల్ల నవ్వు ఆగిపోయింది. "లేదక్కా. నేనే రాసిన. ఒట్టు."

"దొంగ ఒట్లు కూడ నేర్సినవా? పో, మీ నాయినను పిలువు."

శైలేందర్ తల తిప్పుకున్నాడు. మనుషులు చావడం చూశాడు గాని ఇది చూడలేకపోయాడు.

ఏడుపు విని ప్రవీణ్ బ్యాగుతో సహా వచ్చాడు. ఏడు ముప్పై ఆరు. "ఏంది మేడమ్? మా బిడ్డను దొంగ అంటున్నరా?"

"కాదని పరీక్షల చూపియ్యమనుండ్రి. మీ ముందట, ఇప్పుడే."

"నాకు టైము లేదు. సాయంత్రం చూద్దాం." ప్రవీణ్ వాకిలి దాకా వెళ్లి తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాడు. ఏడు ముప్పై తొమ్మిది.

కృతిక కళ్ళు మూసి తెరిచింది. "పోండ్రి సార్. ఎట్లయిన తల్లి చదువు చెప్పలేదు, బిడ్డ చదవలేదు. ముగ్గురూ కలిసి కాపీ కొట్టుడే నేర్సిన్రు."

గొళ్లెం మీది చెయ్యి ఆగింది. ప్రవీణ్ బ్యాగు నేలకు కొట్టి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పెట్టుండ్రి మీ పరీక్ష!"

స్నేహ ఎక్కిళ్లు పెడుతూనే రాసింది. ఏడు యాభై మూడుకు అబ్జర్వర్ డబ్బా టక్కున మాయమైంది. ఉప్పు మడుల దగ్గర ఎంబసీ మనుషులు ఇద్దరిని పట్టుకున్నారని దామోదర్ చెప్పాడు. రెండు నిమిషాలకు స్క్రీన్‌లో వాకిలి చప్పుడైంది, ఎంబసీ మనుషులు ఇంటికీ చేరారు.

ప్రవీణ్ లేచే ముందు పేపర్ కెమెరాకు అడ్డం పెట్టాడు. "చూసిన్రా? పదికి పది కరెక్టు. ఇగ మీరు మా ఇంటికి అవసరం లేదు."

వెనక స్నేహ తల్లి కొంగులో ముఖం దాచుకుంది. స్క్రీన్ ఆరిపోయింది.

"స్నేహకు ఒక్క మాట చెప్పనియ్యి శైలేందర్," అంది కృతిక. జుంకాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ వ్యాసం తనే రాసిందని నాకు తెలుసని, ఒక్క మాట."

"చెప్తే ఎందుకట్ల చేసినవని అడుగుతది. తను గీసిన మ్యాపుతోనే వాళ్ల నాయిన చావబోయిండని చెప్పాలె. చెప్తవా?"

కృతిక బోరున ఏడ్చింది. "వద్దు. దాన్ని అది తిట్టుకునుడు కంటే నన్ను తిట్టుకునుడే నయం."

సాయంత్రం కృతిక గది ఖాళీ చేసి హైదరాబాద్ బస్సెక్కింది. ముఠా కంట పడకుండా ఆమెకు కొత్త పేరు, కొత్త ఊరు ఇచ్చారు. ప్రవీణ్ ఇంట్లో వాళ్లకు ఆమె సంగతి ఎవరూ చెప్పలేదు. ప్రేమిస్తున్నానని చెప్పే తీరిక శైలేందర్‌కు ఆ రోజు కూడా దొరకలేదు.

మూడో రోజు ట్యూషన్ కంపెనీ సైట్‌లో ఆమె పేరు కింద సౌమ్య ఒక రివ్యూ రాసింది. "ఒక్క స్టార్. పిల్లలను ఏడిపిస్తుంది. ఈ టీచర్‌ను ఎవరూ పెట్టుకోవద్దు." ఆపరేషన్ రిపోర్టులో ‘మిషన్ విజయానికి రుజువు’ అనే కాలమ్ ఇంకా ఖాళీగా ఉంది. శైలేందర్ ఆ రివ్యూను ప్రింట్ తీసి అక్కడ అంటించాడు.