ఉత్తుత్తి క్లయింట్

"పైన ఒకావిడ ఏడుస్తుంటే కింద మీరు ఈలలు వేస్తారా? అసలు మనిషేనా మీరు?"

మా షాపు తలుపు తీస్తూనే ఆమె నాతో అన్న మొదటి మాట అది. అప్పుడు నా చేతిలో ఒక తాతగారి వినికిడి మిషను ఉంది. చెవిలో సరిగ్గా కూర్చోకపోతే అది ఈల వేస్తుంది. దాన్ని సరిచేయడమే నా పని.

"నేను కాదండీ, మిషను వేసింది."

"మిషను ఎవరిది?"

"తాతగారిది."

"నాకేం వినపడలేదమ్మా," అన్నారు తాతగారు, ఎంతో నిజాయితీగా.

ఆమె నన్ను కొరకొరా చూసి మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ చూపుతోనే నా పని అయిపోయింది.

మా షాపు పైనే కౌన్సెలింగ్ సెంటర్. ఆమె అక్కడ పెద్ద మేడమ్ దగ్గర ట్రైనీ సైకాలజిస్టు. చదువంతా అయిపోయింది, లైసెన్సు మాత్రం రాలేదు. ప్రాక్టికల్ పరీక్షలో అద్దం వెనక పరీక్షకులు చూస్తుండగా క్లయింటుతో మాట్లాడాలట. పోయినసారి క్లయింటు కన్నీళ్లు పెట్టుకుంటే ఈమె కూడా పెట్టుకుంది. ఇద్దరికీ కలిపి ఒకటే టిష్యూ డబ్బా అయిపోయింది, పరీక్ష పోయింది.

"ఈసారి కూడా పోతే వేరే పని చూసుకోమన్నారు మేడమ్. నాకు ఈ పని తప్ప ఏదీ వద్దు," అంది ఒకరోజు. నాతో మామూలుగా మాట్లాడిన ఆఖరి వాక్యం అదే.

ఎందుకంటే, కరిగిపోకుండా ప్రశ్నలు అడగడం నేర్చుకోమని మేడమ్ సలహా ఇచ్చారు. ఈమె ఆ సలహాను కనపడ్డవాళ్లందరి మీదా సాధన చేయడం మొదలుపెట్టింది.

"కాఫీ తాగుదామా?" అన్నాను.

"ఇప్పుడే ఎందుకు అడగాలనిపించింది?"

"తలనొప్పిగా ఉందండీ."

"తలనొప్పి వచ్చినప్పుడు మామూలుగా ఎవరిని తోడు పిలుస్తారు?"

"ఎవర్నీ పిలవను! మాత్ర వేసుకుంటాను!"

"కోపంగా ఉన్నట్టున్నారు. దాని గురించి మాట్లాడదామా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకోరోజు వాన దంచికొడుతోంది. "మీ గొడుగులో నాకు చోటుందా?" అని అడిగితే, "చోటు ఉండదేమోనని మీకెందుకనిపిస్తోంది?" అంది. జవాబు ఆలోచించేలోపు నిలువునా తడిసిపోయాను.

ఇలాంటి మనిషికి ప్రేమిస్తున్నానని ఎలా చెప్పడం? చెబితే 'ఆ భావన ఎప్పుడు మొదలైంది?' అంటుంది. మా అమ్మేమో షాపుకొచ్చినప్పుడు ఆమెతో ఒక్కసారి మాట్లాడి ఫ్లాట్ అయిపోయింది. "నా మాట మొదటినుంచి చివరిదాకా విందిరా ఆ పిల్ల. మన ఇంట్లో ఎవరైనా విన్నారా?" అని నన్ను రోజూ సాధిస్తోంది. ఇంట్లో ఆవిడ, షాపులో ఈవిడ, మధ్యలో నేను!

పరీక్ష దగ్గరపడింది. క్లయింటుగా నటించే మనిషిని మనమే తీసుకెళ్లాలట.

"మీరు రండి ప్లీజ్. మీకు లిఫ్టంటే భయం. అంతే చెప్పాలి, ఇంకేం కలపొద్దు."

"లిఫ్టే ఎందుకు?"

"ఎందుకని అడగాలనిపించింది?"

పళ్లు నూరుకుంటూ ఒప్పుకున్నాను.

పరీక్ష గదిలో రెండు కుర్చీలు, ఒక గడియారం, ఒక గోడంతా అద్దం. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని ఎంత చక్కగా కూర్చుందంటే, నేను నేర్చుకున్న డైలాగులన్నీ ఎగిరిపోయాయి.

"లిఫ్టులో ఎవరైనా తోడుంటే భయం తగ్గుతుందా?"

"మీరుంటే తగ్గుతుంది."

నోరు జారింది. ఆమె రెప్ప వేయలేదు.

"ఎవరైనా సైకాలజిస్టు ఉంటే అంటున్నారా?"

"కాదు, మీరే. మీరు మెట్లు దిగుతున్న చప్పుడు వింటే పని మానేస్తాను. కాఫీకి పిలిస్తే ప్రశ్న వేస్తారు, గొడుగు అడిగితే ప్రశ్న వేస్తారు, నేను విసిగిపోయాను! అయినా మళ్లీ మీరే కావాలనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?"

అద్దం వైపు చూశాను. ఆమె లైసెన్సును నా చేతులారా తగలబెట్టానని అప్పుడు అర్థమైంది. భూమి చీలితే బాగుండనిపించింది.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఈసారి జారనివ్వలేదు.

"నిజం చెప్పినందుకు థాంక్స్," అంది మెల్లగా. "కానీ మీ కేసు నేను చూడకూడదు. మిమ్మల్ని ఇంకో సైకాలజిస్టుకు అప్పగిస్తాను."

"ఎందుకు?"

"మీ విషయంలో నేను మనసు పక్కన పెట్టి వినలేను. వినలేనని తెలిసీ ఈ కుర్చీలో కూర్చోవడం తప్పు."

బయట వరండాలోకి రాగానే నా మీద విరుచుకుపడింది. "ఒక్క లిఫ్టు! లిఫ్టంటే భయమని ఒక్క ముక్క చెప్పలేరా? నా బతుకు బస్టాండ్ చేశారు కదా!"

"సారీ అండీ, సారీ..."

తలుపు తెరుచుకుని పెద్ద పరీక్షకురాలు వచ్చింది. "తన మనసే తనకు అడ్డమని ఒప్పుకుని కేసు వదలడం సీనియర్లకే చేతకాదు. పాసయ్యావమ్మా." తర్వాత నా వైపు తిరిగి, "బాబూ, నటన అదిరింది. నిజమేననుకున్నాం," అని వెళ్లిపోయింది.

 ముందు ఆమే నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ.

"ఇప్పుడు నేను మీ క్లయింటును కాదు కదా. కాఫీ తాగుదామా?"

"ఎందుకు అడ..." నాలుక కరుచుకుంది. "పదండి."

లిఫ్టు బటన్ నొక్కాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"మెట్ల మీద దిగుదామా? లిఫ్టంటే నిజానికి నాకే భయం."

మా బిల్డింగులో లిఫ్టున్నా ఇన్నాళ్లూ ఆమె మెట్లే ఎందుకు దిగేదో అప్పుడు తెలిసింది. తలుపులు తెరుచుకున్నాయి. చెయ్యి చాచాను.

"ఎవరైనా తోడుంటే తగ్గుతుందా?"

ప్రశ్నకు ప్రశ్న వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చి, కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఎవరైనా కాదు," అంది. "మీరైతే తగ్గుతుంది."